సున్నా వేరు, ఖాళీ వేరు

"కూర్చోమని నేను చెప్పను. మా అన్నయ్యకి ఆ రోజు ఎవరూ చెప్పలేదు," అంది డిటెక్టివ్.

ప్రోగ్రాం రాసిన అమ్మాయి కుర్చీ మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుంది. గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, తలుపు దగ్గర కట్టి పెట్టిన బట్టల సంచి. సాయంత్రం పోలీసులు వస్తారని ఆమెకి తెలుసు. ఆ సంచి అందుకే సర్దుకుంది.

పోలీసు శాఖలో పనిచేసిన రోజుల్లో డిటెక్టివ్‌కి కత్తెర అని పేరు పడింది. అబద్ధాన్ని సరిగ్గా అతుకు దగ్గరే కత్తిరిస్తుందని. ఉద్యోగం పోయింది గానీ పేరు పోలేదు. ఈ కేసు ఆమెకి ఎవరూ అప్పగించలేదు. చనిపోయింది ఆమె తోడబుట్టినవాడు.

కలప ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ ఆయన. పచ్చి చెక్కల్ని ఆవిరితో ఆరబెట్టే వేడి గది ఒకటుంది అక్కడ. మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి ఆయన లోపల ఉండగానే దాని తలుపు మూసుకుంది, ఆవిరి మొదలైంది. తప్పంతా ప్రోగ్రాందే అని బీమా సర్వేయర్ రిపోర్టు రాశాడు. ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన కవర్లో గడియారం, పర్సుతో పాటు ఒక స్క్రూడ్రైవర్ ఉంది. దాని మొన అరిగి ఒక పక్కకి వంగిపోయింది. "ఇదెందుకు ఇలా అయింది?" అని వదిన కనపడిన ప్రతివాళ్లనీ అడిగింది. అది ఇప్పుడు కత్తెర చేతిసంచిలో ఉంది.

"నిన్ను జైల్లో పెడితే నాకు చాలదు. ఏం చేసి చంపావో నీ నోటితో నాకు చెప్పాలి. కంప్యూటర్ భాషలో కాదు, మా వదినకి నేను చెప్పగలిగేలా," అంది కత్తెర.

అమ్మాయి పెదవులు తడుపుకుంది. "గది గుమ్మం దగ్గర మనుషుల్ని లెక్కపెట్టే కౌంటర్ ఉంది మేడం. లోపల ఎంతమంది ఉన్నారో అది నా ప్రోగ్రాంకి పంపుతుంది. స్టార్ట్ బటన్ నొక్కగానే ప్రోగ్రాం ఒకటే అడుగుతుంది, లెక్క ఉందా అని. ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు, తలుపు కదలదు. లేదంటే మూసి ఆవిరి వదులుతుంది."

"బానే ఉంది. ఎక్కడ చెడింది?"

"కౌంటర్ మార్చారు." అమ్మాయి బల్ల మీంచి రెండు కొరియర్ కవర్లు తీసింది. చిన్న చీటీ మీద సున్నా రాసి ఒక దాంట్లో పెట్టింది. రెండోది ఖాళీగా వదిలింది. "పాత కౌంటర్ అంకె పంపేది. కొత్తది అంకెని కూడా మాటలాగే పంపుతుంది, ఇలా కవర్లో పెట్టి. నేను రాసింది జావాస్క్రిప్ట్‌లో. ఆ భాషలో దేన్నయినా పట్టుకుని ఉందా అని అడగొచ్చు. తనకి తోచినట్టు అవును కిందో కాదు కిందో మార్చేసుకుంటుంది. ట్రూతీ, ఫాల్సీ అంటాం మేము. ఉత్త సున్నా అంకె అయితే కాదు అంటుంది. ఏమీ లేని మాట అయినా కాదు. కానీ మాటలో ఒక్క అక్షరం ఉన్నా చాలు, అవును అంటుంది."

"ఆ అక్షరం సున్నా అయినా?"

"సున్నా అయినా. కవర్లో చీటీ ఉందా లేదా అని మాత్రమే తడిమి చూస్తుంది మేడం, తెరిచి చదవదు. చీటీ ఉంది కాబట్టి అవును. గదిలో పురుగు లేకపోయినా మనిషి ఉన్నాడనే అనుకుంటుంది. స్టార్ట్ అవ్వదు."

"స్టార్ట్ అవ్వని గది మనిషినెలా చంపింది?"

"వైరు పీకేవాళ్లు." అమ్మాయి ఖాళీ కవరు ముందుకి జరిపింది. "కౌంటర్ వైరు పీకితే ఈ కవరు వస్తుంది. లోపలేమీ లేదు కాబట్టి కాదు అంటుంది, గది స్టార్ట్ అవుతుంది. ఎలా కనిపెట్టారో గానీ ఫ్యాక్టరీలో అందరికీ అలవాటైపోయింది. పీకాక మూడు సెకన్లలో బటన్ నొక్కాలి. దాటితే కౌంటర్ లేదని ప్రోగ్రాం ఆగిపోతుంది. గుమ్మం దగ్గర ఒకరు నిలబడి 'పీకా!' అని అరిస్తే క్యాబిన్‌లో ఇంకొకరు నొక్కుతారట. మీ అన్నయ్య ఫోన్‌లో చెప్పి ఒకటే నవ్వు. పెళ్లిలో ఫొటోగ్రాఫర్ రెడీ అన్నట్టు అరుస్తారమ్మా అన్నాడు ఆ రోజు..."

"ఏ రోజు?"

అమ్మాయి రెండు కవర్లనీ సర్దసాగింది.

"రిపోర్టుకి జతచేసిన నీ వాంగ్మూలంలో ఆ రోజు నువ్వు ఫ్యాక్టరీ వాళ్లెవరితోనూ మాట్లాడలేదని ఉంది. కింద సంతకం నీదే," అంది కత్తెర. ఆమె గొంతు పెరగలేదు. "మా అన్నయ్య నీకెప్పుడు ఫోన్ చేశాడు?"

"ఆ రోజు పొద్దున."

"ఇంకా?"

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ పడలేదు. "నేను ప్రోగ్రాం మార్చాను మేడం. ఇక్కడి నుంచే. పన్నెండు నలభైకి. ఎవరికీ చెప్పలేదు. చావుకి నలభై నిమిషాల ముందు మార్చానని తెలిస్తే నా మార్పు వల్లే పోయాడంటారు. అది అబద్ధం కూడా కాదు."

"ఏం మార్చావు?"

"తడిమి చూడ్డం కాదు, తెరిచి చదవమన్నాను. మాటని అంకెగా మార్చమన్నాను. సున్నా చీటీ అయితే సున్నా, స్టార్ట్ అవుతుంది. ఒకటి చీటీ అయితే ఒకటి, స్టార్ట్ అవ్వదు."

కత్తెర ఖాళీ కవరు ఎత్తి ఆమె మొహం ముందు పట్టుకుంది. "దీన్ని తెరిచి చదవమంటే?"

అమ్మాయి ఆ కవరు లోపలికి చూసింది.

"సున్నా," అంది అమ్మాయి చివరికి. "ఖాళీ మాటని అంకెగా మార్చమంటే ఆ భాష సున్నా ఇస్తుంది. నాకు తెలుసు. మొదటి నెలలోనే నేర్పిస్తారు. ఆ గంటలో గుర్తు రాలేదు."

"నాకు తెలీదు అనాల్సిన చోట నీ ప్రోగ్రాం ఎవరూ లేరు అంది."

"అవును."

"అందుకే మా అన్నయ్య ఉడికిపోయాడు."

"అవును మేడం."

కత్తెర ఈ మాట కోసమే వచ్చింది. ఆమె ఊహలో ఆ అమ్మాయి ఈ మాట అనగానే గుండెలోని బరువు దిగిపోతుంది. దిగలేదు. పైగా ఎక్కడో అతుకు సరిగ్గా లేదనిపించింది. అలాంటి చోట ఆమె చెయ్యి దానంతట అదే ఆగుతుంది.

"మార్చాక ఆయన మళ్లీ మాట్లాడాడా?"

"ఒంటిగంట పదిహేనుకి. అందరూ భోజనాలకి వెళ్లారన్నాడు. గది ఖాళీగా ఉంచి వైరు పీకకుండా నొక్కాడట, స్టార్ట్ అయింది. ఆపేశాడు. 'సున్నా బాగుందమ్మా, ఇప్పుడు లోపలికెళ్లి ఒకటి చూస్తా' అన్నాడు. నేను వద్దన్నాను. చెక్క దుంగని పెట్టి చూడొచ్చు కదా అంటే, 'దుంగకి కాళ్లుంటే కౌంటర్ దాటేది' అని నవ్వాడు. బటన్ ఎవరు నొక్కుతారంటే మనవాడే ఉన్నాడు బయట అన్నాడు."

"పేరు?"

"చెప్పలేదు. మనవాడే అన్నాడంతే."

కత్తెర రెండు కవర్లనీ పక్కపక్కన పెట్టింది. "నువ్వు మార్చిన తర్వాత గది ఖాళీగా ఉంటే వైరు పీకే పని ఉందా?"

"లేదు."

"లోపల మనిషి ఉంటే?"

"నొక్కినా కదలదు. కదలాలంటే..." అమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అలవాటు కొద్దీ పీకి ఉండొచ్చు కదా మేడం. తెలియక."

"ఉండొచ్చు. అది వాడి నోటితోనే వింటాను. ఇప్పుడు నీ ప్రోగ్రాం మళ్లీ మార్చు. పాతది అలాగే దాచిపెట్టు, అది కోర్టుకి కావాలి. ఈసారి ఖాళీ కవరుకి గది కదలకూడదు."

అమ్మాయి కూర్చుంది. వేళ్లు కీబోర్డు మీద పడ్డాయి. "మూడు ఈక్వల్స్ పెడుతున్నాను. అప్పుడు దేన్నీ మార్చదు, ఉన్నదాన్ని ఉన్నట్టే పోలుస్తుంది. వచ్చింది అచ్చం సున్నా చీటీ అయితేనే స్టార్ట్. ఖాళీ వచ్చినా, ఒకటి వచ్చినా, చెత్త వచ్చినా కదలదు." ఆమె తలెత్తింది. "పరీక్ష చేసి చెప్తాను."

"వద్దు. పరీక్ష నేను చేస్తాను."

"అక్కా..." అంది అమ్మాయి. మేడం అనడం మర్చిపోయింది.

"అక్కా గిక్కా వద్దు. నిన్ను క్షమించలేదు నేను. నీ వంతు వెనక్కి జరిపానంతే. ఫోన్ పెట్టెయ్యకు, తెర మీంచి కళ్లు తీయకు."

*

వేడి గది పక్కనే అద్దాల క్యాబిన్. అందులోకి అడుగు పెడుతూనే కత్తెర నుదురు ఇనప కమ్మీకి ఠంగుమని తగిలింది.

"అయ్యయ్యో, చూసుకో చెల్లెమ్మా! కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనీ అది ఇలాగే పలకరిస్తుంది." వేడి గది మేస్త్రీ పరుగున వచ్చాడు. "మీ అన్నకి మొదటి వారమంతా బొప్పే. నేనే కొబ్బరినూనె రాశాను."

మేస్త్రీ అన్నయ్యకి ప్రాణ స్నేహితుడు. పాడె మోసినవాళ్లలో ముందున్నవాడు. అన్నయ్య పోయిన మర్నాడే ఫ్యాక్టరీ మూసేశారు. సాయంత్రం పోలీసులకి చూపించాలని ఇవాళ కరెంటు ఇచ్చారు. మనుషులెవరూ లేరు. కత్తెర చెవిలో, జుట్టు కింద, సన్నని ఇయర్‌ఫోన్ ఉంది. అవతల ఆ అమ్మాయి ఊపిరి వినిపిస్తోంది.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్పు మేస్త్రీ అన్నా."

"ఎన్నిసార్లని చెప్పను తల్లీ." కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "భోజనం చేసి వచ్చాను. గుమ్మం మీద కౌంటర్ చూపించే ఎర్ర అంకె చూశాను, సున్నా ఉంది. లోపల ఎవరూ లేరనుకున్నాను. బటన్ నొక్కాను. రోజూలాగే మొరాయించింది, స్టార్ట్ కాలేదు. రోజూలాగే వైరు పీకాను. మూసుకుంది. వాడు లోపల ఉన్నాడని నాకేం తెలుసు? ఆ దరిద్రపు కౌంటర్ వాణ్ణి లెక్కే పెట్టలేదు. ఆ పిల్ల రాసిన ప్రోగ్రాం..." గది వైపు చెయ్యి విసిరాడు.

"సున్నా ఉండగా నొక్కావు."

"మా అమ్మ మీద ఒట్టు. సున్నా."

"నొక్కితే స్టార్ట్ కాలేదు."

"ఎక్కడయింది! రెండు నెలలుగా అంతేగా."

చెవిలో ఊపిరి ఆగిపోయింది. కత్తెర మొహం మాత్రం కదల్లేదు. పన్నెండు నలభై తర్వాత సున్నా ఉంటే ఆ గది నొక్కగానే స్టార్ట్ అవుతుంది. స్టార్ట్ కాలేదంటే ఎర్ర అంకె ఒకటి. మేస్త్రీ చెప్పే కథ దాని ముందు రోజు దాకా సరిపోయే కథ. ఆ పూట నుంచి సరిపోదని అతనికి తెలియదు. ఆ రోజు తెలిసినవాళ్లు ఇద్దరే, అందులో ఒకరు ఇప్పుడు లేరు.

మనవాడే ఉన్నాడు బయట.

"బటన్ ఇక్కడ. వైరు అక్కడ గుమ్మం దగ్గర," అంది ఆమె మామూలుగానే. "ఒక్కడివే చేశావా?"

మేస్త్రీ కండువా మడత పెట్టుకున్నాడు. "ఒక్కణ్ణే. పీకి పరిగెత్తుకొచ్చి నొక్కాను. అలవాటేగా."

కత్తెర గుమ్మం నుంచి క్యాబిన్ దాకా చూసింది. మధ్యలో రెండు పట్టాలు, చెక్కలు మోసే బండి, ఆ తర్వాత క్యాబిన్ మెట్లు. మేస్త్రీకి ఎడమ మోకాలు వంగదు. పాడె మోస్తున్నప్పుడు రెండుసార్లు భుజం మార్చుకున్నాడు. మూడు సెకన్లు. ఇంకొక చెయ్యి ఉంది. అది ఎవరిదో మేస్త్రీని కొట్టినా తిట్టినా రాదు. దాన్ని మళ్లీ బటన్ మీదకి రప్పించాలి.

మెట్ల మీద బూట్ల చప్పుడయింది. బీమా సర్వేయర్. ఫోన్‌లో ఏదో చదువుకుంటూ, కళ్లెత్తకుండానే కాస్త తలొంచి క్యాబిన్‌లోకి వచ్చాడు.

"ఏంటి కత్తెరా, ఇంకా తుప్పు పట్టలేదా?"

"నీలాంటివాళ్లు దొరుకుతుంటే ఎలా పడుతుంది? పదునే."

ఇద్దరూ ఒకే ఏడాది పోలీసు ఉద్యోగంలో చేరారు. ఆమె ఉద్యోగం ఊడగొట్టిన ఫిర్యాదు రాసింది ఇతనే. ఆ తర్వాత తనూ మానేసి బీమా కంపెనీలో చేరాడు.

"అన్న పోయిన బాధలో ఉన్నావు, నిన్నేం అనను," అన్నాడు సర్వేయర్. "ఆ పిల్లని సాయంత్రం తీసుకెళ్తారు. మీకు కావాల్సింది అదేగా. మరి ఇక్కడ ఈ దుమ్ములో నీకేం పని?"

"గది చూడకుండా నేను రిపోర్టులు రాయను."

"అందుకే నీకు ఉద్యోగం నిలవలేదు. నాకు కాగితాలు చాలు. పోయినేడు ఈ ఫ్యాక్టరీకి సేఫ్టీ సర్టిఫికెట్ ఇచ్చినప్పుడూ రాలేదు, ఈ రిపోర్టుకీ రాలేదు. ఇవాళే మొదటిసారి ఈ గడప తొక్కడం, అదీ పోలీసులు రమ్మన్నారని."

"మొదటిసారా?"

"ఏం, హారతి పడతావా?"

కత్తెర నుదుటి మీద బొప్పిని వేలితో తడుముకుంది. "పడతాను. కాస్త ఆగు. నీ సర్టిఫికెట్‌లో వేడి గది తలుపుకి లోపలి హ్యాండిల్ ఉందని రాశావు. రిపోర్టులోనూ అదే రాశావు. హ్యాండిల్ ఉన్నా కంగారులో వాడుకోలేదని."

"ఉంది కాబట్టి రాశాను. వెళ్లి చూసుకో."

"చూస్తాను," అని ఆమె చేతిసంచి భుజాన వేసుకుంది. ఆమె పక్కనుంచి వెళ్తుంటే సర్వేయర్ నవ్వుతూ అన్నాడు, "లోపల జాగ్రత్త. కౌంటర్‌కి మీ ఇంటివాళ్లు కనపడరంట."

మేస్త్రీ తల దించుకున్నాడు. కత్తెర ఆగింది. సంచిలో ఆమె వేళ్లు స్క్రూడ్రైవర్ పిడిని బిగించాయి. ఆ నవ్వుకీ ఆ పిడికీ మధ్య మూరెడు దూరం కూడా లేదు. ఇప్పుడే కాదు, అనుకుంది. మా అన్నయ్య ఎంతసేపు లోపల ఉన్నాడో అంతసేపూ నేను ఆగగలను.

*

ఆమె గుమ్మం దాటగానే ఎర్ర అంకె ఒకటి అయింది.

లోపల పట్టాల మీద చెక్కల దొంతర్లు. గాలి ఆడటానికి వరసకీ వరసకీ మధ్య సన్నని బద్దలు పెట్టారు. పైన నాలుగు పెద్ద ఫ్యాన్లు. పచ్చి చెక్క వాసన ఇంకా పోలేదు. మేస్త్రీ గుమ్మం అవతల, వైరు పక్కనే నిలబడ్డాడు.

హ్యాండిల్ ఉంది. తలుపు లోపలి వైపు, ఛాతీ ఎత్తులో, అరచెయ్యంత ఇనప రేకు మీద. తలుపంతా ఆవిరికి నల్లబడి పొక్కులు లేచింది. రేకు మాత్రం తళతళలాడుతోంది. నాలుగు మరలకీ గీత కూడా పడలేదు.

"మేస్త్రీ అన్నా, ఈ హ్యాండిల్ ఎప్పటిది?"

"ఎప్పటిదో. మొదటినుంచీ ఉంది."

కత్తెర స్క్రూడ్రైవర్ బయటికి తీసింది. అరిగిన మొన మరలో సరిగ్గా కూర్చోలేదు. నాలుగుసార్లు జారింది. ఐదోసారి పట్టింది. మేస్త్రీ ఆ స్క్రూడ్రైవర్‌ని గుర్తుపట్టాడు. ఒక్కో మరా ఊడి నేల మీద పడుతుంటే అతని చూపు క్యాబిన్ వైపు పోయి వస్తోంది.

రేకు ఊడి చేతిలోకి వచ్చింది.

దాని వెనక తలుపు మీద గీతలు. ఒకటి కాదు, పది కాదు. పాత హ్యాండిల్ ఎప్పుడో విరిగిపోయిన రంధ్రం చుట్టూ, లోపలున్న కొక్కేన్ని ఎలాగైనా కదపాలని స్క్రూడ్రైవర్‌తో పొడిచి, గీకి, మళ్లీ పొడిచిన గీతలు. కింది గీతలు లోతుగా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ పలచబడ్డాయి. పనిమంతుడి గీతలు. కంగారులో కూడా ఆయన సరైన చోటే పొడిచాడు.

కత్తెర వంకర మొనని ఒక గీతలో ఆనించింది. సరిగ్గా పట్టింది.

ఏడుపు రాలేదు. నోరంతా ఇనుము నాకినట్టయింది. ఒక్కొక్కడినీ ఈ గీతల ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టాలి, ఒక్కో గీత లెక్కపెట్టించాలి అనుకుంది. అప్పుడు గొంతు పెంచి, క్యాబిన్ దాకా వినపడేలా మాట్లాడింది.

"మా అన్నయ్య పోయినప్పుడు ఇక్కడ హ్యాండిల్ లేదు. తర్వాత పెట్టారు. గీతల మీద పెట్టారు. మా అన్నయ్య చూస్తూ ఊరుకునే రకం కాదు, అది విరిగిందని ఫిర్యాదు చేస్తానన్నాడు కదూ? చేస్తే దొంగ సర్టిఫికెట్ ఇచ్చినవాడు జైలుకి, గది చూసుకోవాల్సిన మేస్త్రీ ఇంటికి. ఈ విషయం ఇంకా ఎవరికీ చెప్పలేదు. పోలీసులు రాగానే ఈ తలుపు ఊడదీయిస్తాను."

గుమ్మం దగ్గర మేస్త్రీ మొహం పాలిపోయింది. క్యాబిన్ అద్దం మీద వెలుతురు పడుతోంది, లోపల మనిషి కనిపించడం లేదు. కత్తెర అటు వీపు తిప్పింది. చేతిలో ఊడిన హ్యాండిల్. ఈ తలుపు మూసుకుంటే ఇప్పుడు తనకీ దారి లేదు. తెలిసే తిప్పింది.

చెవిలో అమ్మాయి గొంతు. "అక్కా, బయటికి వచ్చెయ్యండి. నేనింకా ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. ఎక్కడైనా తప్పు చేసి ఉంటే..."

"చేశావా?" అంది కత్తెర పెదవులు కదపకుండా.

"లేదు. లేదనుకుంటున్నాను."

"అనుకోవడం కాదు. ఉందా, లేదా?"

"లేదు."

వెనక నుంచి చెప్పుల చప్పుడు. ఒక అడుగు. ఆగింది. గోడకి ఏదో చిన్నగా టక్కుమంది. ఈసారి 'పీకా' అని ఎవరూ అరవలేదు. అద్దంలోంచి చూస్తున్నవాడికి అరుపు అక్కర్లేదు.

"ఖాళీ వచ్చింది అక్కా! కౌంటర్ ఖాళీ పంపుతోంది!"

కత్తెర కదల్లేదు. ఎదురుగా గీతలు. చెమట మెడ మీంచి వీపులోకి జారింది.

"నొక్కారు! బటన్ నొక్కారు!"

ఆమె కళ్లు మూసుకుంది. పట్టాల మీద తలుపు జారే ఉరుము లాంటి చప్పుడు కోసం, పైన ఫ్యాన్ల మూలుగు కోసం చెవులు రిక్కించింది. ఎక్కడో దొంతరలో ఒక చెక్క చిటుక్కుమంది. అంతే.

"మళ్లీ నొక్కారు. మళ్లీ... కదల్లేదు అక్కా." అమ్మాయి ఇప్పుడు ఏడ్చేస్తోంది. "ఖాళీని సున్నా అనుకోలేదు. కదల్లేదు."

కత్తెర వెనక్కి తిరిగింది. గుమ్మంలో మేస్త్రీ నిలబడి ఉన్నాడు. ఊడిన వైరు అతని చేతిలో వేలాడుతోంది. పెట్టెయ్యాలన్న ధ్యాస కూడా లేదు.

"ఆ రోజు ఇక్కడ ఒకటి కనిపించింది కదూ మేస్త్రీ అన్నా? సున్నా అని మా అన్న చితి ముందు కూడా చెప్పావు. ఆ రోజు మధ్యాహ్నం నుంచే ఈ గది సున్నాకి స్టార్ట్ అవుతోంది. మా అన్నయ్యే బాగు చేయించాడు. నిన్ను నొక్కమన్నాడు, ఎందుకో చెప్పే తీరిక నువ్వు ఇవ్వలేదు."

మేస్త్రీ వంగని మోకాలితోనే కూలబడ్డాడు. "చెల్లెమ్మా, నేను వైరే పీకాను. నొక్కింది నేను కాదు. ఊరికే భయపెడదామన్నాడు, రెండు నిమిషాల్లో తెరుద్దామన్నాడు. తెరవనివ్వలేదు. మీ అన్న తలుపు కొడుతూనే ఉన్నాడు..."

"తెలుసు. చూశాను," అని ఆమె అతన్ని దాటుకుంటూ వెళ్లింది. అతను కాళ్లు పట్టుకోబోతే చీర కుచ్చిళ్లు లాక్కుంది. నీ సంగతి తర్వాత అన్నట్టు కూడా చూడలేదు.

క్యాబిన్ మెట్ల కింద ఆగి పైకి చూసింది. అద్దం వెనక సర్వేయర్. అతని బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది. గది ఎందుకు కదలడం లేదో ఆ వేలికి ఇంకా అర్థం కాలేదు. ఇంకోసారి నొక్కింది.

"నాలుగుసార్లు నొక్కావు. నిమిషాలతో సహా రాసి పెట్టింది, నువ్వు జైలుకి పంపిద్దామనుకున్న పిల్ల," అంది కత్తెర. "ఇవాళే మొదటిసారి వచ్చానన్నావు కదూ? ఆ గుమ్మానికి ఒక ఇనప కమ్మీ ఉంది. కొత్తవాళ్లెవరినీ వదిలిపెట్టదు. నా నుదురు చూడు. నువ్వేమో ఫోన్‌లోంచి కళ్లు కూడా ఎత్తలేదు, తలొంచుకుని లోపలికి వచ్చావు. ఇప్పుడు బయటికి రా."

సర్వేయర్ ఆమెని చూశాడు. గుమ్మం వైపు చూశాడు. దూరంగా గేటు దగ్గర పోలీసు జీపు ఆగిన చప్పుడయింది.

అతను నెమ్మదిగా నడిచి వచ్చాడు. గుమ్మం దగ్గరికి రాగానే మెడ అలవాటు ప్రకారం కొద్దిగా వంగింది. సగంలో ఆపుకున్నాడు. నిటారుగా లేచి, కళ్లు మూసుకుని, ఆ కమ్మీకి తనే వెళ్లి నుదురు కొట్టుకున్నాడు.